గ్రీకు తత్వం, ఆరు వారాల ఆడియో కోర్సు: మొత్తం విన్నాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. అందులో రెండు స్టార్లు ఒక్క ఎపిక్యురస్ అనే గ్రీకు తత్వవేత్తకే పోతాయి, తమాషా ఏమిటంటే నేను ఆయన కోసం కొననే లేదు, స్టోయిక్కుల కోసం, అంటే చేతిలో లేనిదాని గురించి బెంగపడొద్దనే గ్రీకు తత్వవేత్తల కోసం, కొన్నాను. ఈ మధ్య ఎక్కడ చూసినా వాళ్ల మాటలే కదా, టెన్షన్ తగ్గాలంటే స్టోయిక్, కోపం తగ్గాలంటే స్టోయిక్. నాకు అప్పటికి నిద్ర సరిగ్గా పట్టక రెండు నెలలైంది, ప్రకటనలో "ప్రశాంతత" అన్న మాట కనబడగానే నొక్కేశాను.

కొన్నది ఏమిటంటే, మంచి జీవితం గురించి ప్రాచీన గ్రీకు తత్వవేత్తలు ఏం చెప్పారో వివరించే ఆడియో కోర్సు. 24 పాఠాలు, ఒక్కోటి అరగంట అటూ ఇటూ. దాంతోపాటు ఒక వర్క్‌బుక్, రోజూ పొద్దున్నే ఫోన్‌కి వచ్చే ఒక "నేటి ఆలోచన". పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇలాంటివి ఇప్పుడు డజన్ల కొద్దీ ఉన్నాయి, ఇంచుమించు అన్నీ ఒకే అచ్చులో పోసినవే, ఇక్కడ రాసేది చాలా వాటికి సరిపోతుంది.

మొదటి నాలుగు పాఠాలు సోక్రటీస్‌వి. ఇవి బాగున్నాయి, చెప్పే ఆయన గొంతు కూడా బాగుంది, కథ ఎక్కడ ఆపాలో తెలిసినవాడు. క్రీ.పూ. 399లో ఏథెన్స్‌లో విచారణ, సోక్రటీస్‌కి డెబ్బై ఏళ్లు, కుర్రాళ్లని చెడగొడుతున్నాడనీ నగరం నమ్మే దేవుళ్లని నమ్మడం లేదనీ ఆరోపణ. ప్లేటో రాసినదాన్ని బట్టి ఒక ముప్పై ఓట్లు అటు నుంచి ఇటు మారి ఉంటే ఆయన బయటపడేవాడు. నేరం రుజువయ్యాక, నీకు ఏ శిక్ష వేయమంటావో నువ్వే చెప్పు అంటే, ఒలింపిక్ విజేతలకు పెట్టినట్టు నాకూ ఊరి ఖర్చుతో భోజనం పెట్టండి అన్నాడట! నేను బస్సులో వింటూ గట్టిగా నవ్వేశాను, పక్కాయన అదోలా చూశాడు.

ఇంత బాగా చెప్పి, పాఠం అయ్యాక వర్క్‌బుక్‌లో ఇచ్చిన పని ఏమిటో తెలుసా? "మీకు ముఖ్యమైన ఐదు విలువలు రాయండి." అసలు సోక్రటీస్ చేసిన పనికి ఇది సరిగ్గా ఉల్టా. ఆయన ఎవర్నీ లిస్టు రాయమనలేదు. ధైర్యం అంటే ఏమిటని ఇద్దరు సేనాధిపతుల్ని అడుగుతాడు, జీవితమంతా యుద్ధాల్లో గడిపినవాళ్లు, ఒకాయన మొదట చాలా తేలిగ్గా, వరుస విడిచి పారిపోకుండా నిలబడటమే అని చెప్పేస్తాడు, తర్వాత ఒక్కో ప్రశ్నకీ ఆ జవాబు ఊడిపోతుంది, చివరికి ఇద్దరూ తెల్లమొహం వేస్తారు. నేను వర్క్‌బుక్‌లో "నిజాయితీ, కుటుంబం, ఆరోగ్యం..." అని రాసుకుంటూ పోయాను, అడిగేవాడు లేడు. నిజాయితీ అంటే ఏమిట్రా అని ఒక్కడు అడిగి ఉంటే ఆ పేజీ అక్కడే చింపేసేవాణ్ణి.

తర్వాత ప్లేటో మూడు పాఠాలు. పర్లేదు. గోడ మీద నీడల్నే నిజమనుకునే ఖైదీల గుహ కథ ఉంది, అది అందరికీ తెలిసిందే, ముందుకు వెళ్దాం.

అరిస్టాటిల్ దగ్గరికి వచ్చేసరికి కోర్సు కాస్త గంభీరంగా మారుతుంది. గ్రీకులు మంచి జీవితానికి వాడిన మాట యుడైమోనియా. దీన్ని ఇంగ్లీషులో "హ్యాపీనెస్" అనేసి అక్కడి నుంచి అంతా గందరగోళం చేసుకున్నారని పాఠం చెప్పే ఆయన అన్నాడు, అది నిజం. మనకైతే ఆ ఇబ్బంది అంత లేదనిపించింది, సుఖం వేరు శ్రేయస్సు వేరు అని మన భాషలోనే తేడా ఉంది కాబట్టి, ఈ మాట శ్రేయస్సుకి దగ్గర. అదీ కలిగే ఒక అనుభూతి కాదు, చేసే పని. ఒక్క రోజు బాగా బతికితే చాలదు, ఒక్క పిట్ట వచ్చినంత మాత్రాన వసంతం వచ్చినట్టు కాదంటాడు అరిస్టాటిల్, మొత్తం జీవితం లెక్కలోకి వస్తుంది. నాకు నచ్చింది ఆయన దాపరికం లేని తనం. గుణం ఒక్కటే ఉంటే చాలు అని కబుర్లు చెప్పడు, కాస్త డబ్బూ, స్నేహితులూ, అదృష్టం కూడా కలిసిరావాలి అంటాడు. నెలాఖరులో వినడానికి ఎంత హాయిగా ఉందో.

మధ్యేమార్గం గురించి చాలామంది, అన్నిట్లో సగం సగం ఉండమన్నాడు అనుకుంటారు. ఈ పాఠంలో అది సరిచేశారు, అందుకు మెచ్చుకోవాలి. ఆయన ఉదాహరణ ఒక మల్లయోధుడు, మైలో. ఒకరికి పది మీనాల తిండి (మీనా అంటే అప్పటి తూకం) ఎక్కువ, రెండు మీనాలు తక్కువ అనుకుందాం. అలాగని శిక్షకుడు అందరికీ ఆరు మీనాలు పెట్టడు, అది మైలోకి ఏ మూలకూ రాదు, కొత్తగా గోదాలోకి దిగినవాడికి అరగదు. అంటే మధ్య అనేది మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి. కోపం రావాల్సిన చోట రాకపోవడం కూడా లోపమే ఆయన దృష్టిలో. దీన్ని ఆ స్టోయిక్ బ్యాచ్ ఎవరూ షేర్ చెయ్యరు.

స్నేహం మీద పాఠం అన్నిటికన్నా నిండుగా ఉంది. అరిస్టాటిల్ నీతి గ్రంథంలో పది భాగాలుంటే రెండు స్నేహానికే ఇచ్చాడు, ఈ సంగతి నాకు తెలియదు. అవసరం కోసం స్నేహం, సరదా కోసం స్నేహం, మనిషి మంచితనం చూసి చేసే స్నేహం అని మూడు రకాలు. మొదటి రెండూ చెడ్డవని తిట్టడు, అవసరం తీరితే తీరిపోతాయి అంతే అంటాడు. మూడోది అరుదు, టైం పడుతుంది, కలిసి ఉప్పు తినందే ఒకరినొకరు ఎరగలేరు అనే సామెత చెబుతాడు. ఉప్పు అన్న మాట వినగానే నాకు ఒళ్లు ఝల్లుమంది, "నీ ఉప్పు తిన్నవాణ్ణి" అనే మాట మనకీ ఉంది కదా. ఆ రాత్రి నా ఫోన్లో ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందికి చూసుకుంటూ ఈ మూడు డబ్బాల్లో వేసుకుంటూ కూర్చున్నాను, మూడో డబ్బాలో ఇద్దరే మిగిలారు, అందులో ఒకరితో మాట్లాడి ఏడాది దాటింది. ఫోన్ చేశాను. కోర్సు వల్ల జరిగిన ఒక మంచి పని అంటూ ఉంటే ఇదే.

ఇక ఇక్కడే రెండు తప్పులు. ఒకటి, "మనం పదేపదే చేసేదే మనం" అన్న వాక్యాన్ని వర్క్‌బుక్‌లో అరిస్టాటిల్ బొమ్మ కింద పెద్ద అక్షరాలతో వేశారు. ఆయన అలా రాయలేదు. అరిస్టాటిల్‌ని వివరిస్తూ అమెరికా రచయిత విల్ డ్యురాంట్ 1926లో రాసిన వాక్యం అది. డబ్బులు తీసుకుని పాఠం చెప్పేవాళ్లకి ఈ మాత్రం చూసుకునే ఓపిక ఉండొద్దా? రెండోది ఇంకా పెద్దది. కొందరు పుట్టుకతోనే బానిసలుగా ఉండదగినవాళ్లని ఇదే అరిస్టాటిల్ వాదించాడు. ఆయన చెప్పిన మంచి జీవితం ఎవరి కోసం, ఆ తీరిక ఎవరి చాకిరీ మీద నిలబడింది అన్నది ఒక్క నిమిషం కూడా మాట్లాడలేదు. ఆ ఒక్క మాట చెబితే అరిస్టాటిల్ కూలిపోడు, దాచిపెడితేనే కోర్సు మీద నమ్మకం పోతుంది.

ఇప్పుడు ఎపిక్యురస్. పేరు వినగానే తినడం తాగడం అనుకుంటాం, నేనూ అంతే. సేమోస్ ద్వీపంలో పుట్టి, క్రీ.పూ. 306 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఒక తోట ఉన్న ఇల్లు కొని అక్కడ స్నేహితులతో ఉన్నాడు. ఆడవాళ్లు, బానిసలు కూడా ఆ తోటలో ఉండేవాళ్లు, ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. రోజూ తినేది రొట్టె, తాగేది నీళ్లు. ఒక ఉత్తరంలో కాస్త జున్ను గిన్నె పంపించు, ఎప్పుడైనా విందు చేసుకోవాలనిపిస్తే పనికొస్తుంది అని రాశాడట. జున్ను ఉంటే విందు! భోగలాలసుడని పేరు పడ్డ మనిషి సంగతి ఇది.

ఆయన లెక్క చాలా సూటిగా ఉంటుంది. కోరికలు మూడు రకాలు. సహజమైనవి, అవసరమైనవి కూడా, ఆకలి దాహం లాంటివి, ఇవి తేలిగ్గా తీరతాయి. సహజమైనవే కానీ అవసరం లేనివి, రకరకాల రుచులు లాంటివి, దొరికితే సరే. సహజమూ కావు అవసరమూ కావు, కీర్తి, అధికారం, ఇవి ఎంత పోసినా నిండవు. నేను ఒక నెల ఖర్చులు ముందేసుకుని ఈ లెక్క వేశాను, మూడో గడిలో ఎంత పడిందో ఇక్కడ రాయలేను, సిగ్గు. అసలు ఈ కోర్సే ఏ గడిలో వేయాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

ఆయన చావు గురించిన పాఠం మాత్రం రెండుసార్లు విన్నాను. మనం ఉన్నప్పుడు చావు లేదు, అది వచ్చినప్పుడు మనం లేం, మరి భయం ఎవరికి అనేది ఆయన వాదన. తర్కం బాగానే ఉంది గానీ నన్ను కదిలించింది తర్కం కాదు. క్రీ.పూ. 270లో మూత్రంలో రాళ్లతో మహా బాధపడుతూ, చివరి రోజున ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం ఉంది. నొప్పి ఇంతకన్నా పెరగడానికి లేదు, అయినా మనం మాట్లాడుకున్న మాటలు తలుచుకుంటే కలిగే సంతోషం దానికి ఎదురు నిలుస్తోంది అంటాడు. అని ఊరుకోకుండా, చనిపోయిన స్నేహితుడు మెట్రోడోరస్ పిల్లల్ని చూసుకోమంటాడు. నొప్పితో మెలికలు తిరుగుతూ వేరేవాళ్ల పిల్లల గురించి ఆలోచించిన మనిషి!

ఇంకొకటి, ఈ పాఠం చివర దాదాపు పూచికపుల్లలా తీసి పడేసినట్టు రెండు నిమిషాల్లో చెప్పేశారు గానీ నాకైతే అదే ముఖ్యం. ఎపిక్యురస్ పోయిన నాలుగు వందల ఏళ్ల తర్వాత, ఇప్పటి టర్కీ నైరుతి భాగంలో ఉన్న ఒయినోఆండా అనే ఊళ్లో డయోజినిస్ అనే పెద్దాయన, తనకి పొద్దు గుంకే వేళ అయిందని తెలిసి, ఆ గురువు చెప్పిందంతా ఊరి మధ్య వసారా గోడ మీద రాయి మీద చెక్కించాడు. దారిన పోయేవాళ్లు ఎవరైనా చదువుకోవచ్చు, పరాయి ఊరివాళ్లు కూడా. జనం తప్పుడు నమ్మకాలని ఒకరి నుంచి ఒకరు అంటువ్యాధిలా అంటించుకుంటున్నారు, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే టైం లేదు, అందుకని గోడ మీద మందు పెడుతున్నా అన్నట్టు రాశాడు. ఆ ముక్కలు 1884లో బయటపడ్డాయి, ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. సబ్‌స్క్రిప్షన్ లేదు చూడండి.

స్టోయిక్కులు ఏడు పాఠాలు, కోర్సు అమ్ముడుపోయేది వీళ్ల మీదే. మొదటి పాఠం చాలా సరదాగా ఉంది. సైప్రస్‌లోని కిటియం నుంచి వచ్చిన జీనో వ్యాపారి, ఓడ మునిగి ఏథెన్స్ చేరాడు, ఒక పుస్తకాల కొట్లో సోక్రటీస్ గురించి విని ఇలాంటి మనుషులు ఎక్కడ దొరుకుతారు అని అడిగాడు. కొట్టాయన, అదిగో అటు పోతున్నాడు చూడు అని క్రేటీస్ అనే తత్వవేత్తని చూపించాడు. ఈ క్రేటీస్, శిష్యుడికి బిడియం ఎక్కువగా ఉందని చూసి, పప్పు వండిన కుండ చేతికిచ్చి ఊరి మధ్య నుంచి మోసుకు రమ్మన్నాడు. జీనో సిగ్గుతో దాన్ని పైబట్ట కింద దాచుకుంటే క్రేటీస్ కర్రతో ఒక్కటిచ్చి కుండ పగలగొట్టాడు. పప్పంతా కాళ్ల మీదుగా కారుతుంటే జీనో పరుగు, వెనక నుంచి ఈయన, ఎందుకు పారిపోతావు, నీకేం ఘోరం జరగలేదు కదా అని అరుపు. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం పోగొట్టడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉంటుందా?

అక్కడి నుంచి జారుడే. మిగతా పాఠాలన్నీ తిప్పి తిప్పి ఒక్కటే చెబుతాయి, నీ చేతిలో ఉన్నది, నీ చేతిలో లేనిది, లేనిదాన్ని వదిలెయ్. ఎపిక్టీటస్ చెప్పిన మాటే అది, కాదనను. బానిసగా బతికి, కాలు అవిటిదై, రోమ్ నుంచి తత్వవేత్తలందర్నీ చక్రవర్తి డొమిషియన్ వెళ్లగొడితే గ్రీసులోని నికోపొలిస్‌లో బడి పెట్టుకున్న మనిషి చెబితే ఆ మాటకు బరువు ఉంటుంది. అదే మాట మన ఇయర్‌ఫోన్లలో మెత్తటి సంగీతంతో వస్తే తలనొప్పి మాత్ర అవుతుంది.

నా సంగతి చెబుతా. ఈ పాఠాలు వింటున్న వారంలోనే అమ్మకి గుండె ఆపరేషన్. ఐసీయూ బయట బెంచీ మీద రాత్రంతా కూర్చుని ఉన్నా, పొద్దున ఆరింటికి ఫోన్ టింగుమంది. నేటి ఆలోచన: మీరు ప్రేమించేవాళ్లు మర్త్యులని గుర్తు చేసుకోండి. ఫోన్ నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు, దాని బదులు అంతకన్నా సిగ్గుమాలిన పని చేశాను. నా చేతిలో ఏముంది, డాక్టర్లు చూసుకుంటారు, నేనిక్కడ కూర్చున్నా లాభం లేదు అని నాకు నేను తత్వం చెప్పుకుని, చెల్లెల్ని కూర్చోబెట్టి ఇంటికెళ్లి పడుకున్నాను. చాలా ప్రశాంతంగా నిద్ర పట్టింది కూడా. కోర్సు పని చేసిందన్నమాట!

తర్వాత ఎందుకో మనసొప్పక ఎపిక్టీటస్ ప్రసంగాలు నేరుగా చదివాను, శిష్యుడు అరియన్ రాసిపెట్టినవి. మొదటి భాగంలోనే నాలాంటివాడు ఒకడు ఉన్నాడు. ఒక అధికారి, చిన్న కూతురికి జబ్బు చేస్తే చూడలేక ఇల్లు విడిచి పోయాడు, బాగైందని కబురు వచ్చేదాకా తిరిగి రాలేదు, ప్రేమ కొద్దీ అలా చేశానంటాడు. ఎపిక్టీటస్ శాంతంగానే అడుగుతాడు. తల్లికి ప్రేమ లేదా? దాదికి లేదా? వాళ్లు కూడా నీలాగే వెళ్లిపోతే ఆ పిల్ల ఎవరి చేతుల్లో ఉండాలి? నువ్వు జబ్బు పడితే నీ వాళ్లు ఇలాగే ప్రేమించాలని కోరుకుంటావా? చదివి కాసేపు పుస్తకం మూసేశాను. ఏడు పాఠాల్లో ఎక్కడా ఈ కథ లేదు. ఫలితం నా చేతిలో లేకపోవచ్చు, బెంచీ మీద కూర్చోవడం పూర్తిగా నా చేతిలోదే కదా. తామరాకు మీద నీటిబొట్టులా ఉండమన్నాడని మనకి అమ్ముతున్నారు, ఆయనేమో కొడుకుగా, తండ్రిగా, అన్నగా నీ పని నువ్వు చేశావా అని లెక్క అడుగుతాడు.

ఆయన దగ్గర ఒక ఇనప దీపం ఉండేది, దొంగ ఎత్తుకుపోయాడు. రేపు మట్టి దీపం తెచ్చుకుంటాలే అనుకున్నాడు, ఈ కథ కోర్సులో ఉంది. దాని తర్వాతి కథ లేదు. ఆయన పోయాక ఆ మట్టి దీపాన్ని ఒకాయన 3,000 డ్రాక్మాలు (అప్పటి వెండి నాణేలు) పోసి కొన్నాడని వ్యంగ్య రచయిత లూషియన్ ఎద్దేవా చేస్తూ రాశాడు, రాత్రిళ్లు ఆ దీపం వెలుగులో చదివితే ఆ జ్ఞానం తనకూ వచ్చేస్తుందని ఆశట. ఎందుకు వదిలేశారో నాకు అర్థమైంది, అమ్మకం దెబ్బతింటుంది.

మిగతావి గబగబా. సంశయవాది పిరో గురించి ఒక్క పాఠమూ లేదు, అలెగ్జాండర్ సైన్యంతో భారతదేశం దాకా వచ్చి ఇక్కడి సాధువుల్ని కలిశాడని చెప్పే మనిషిని వదిలేస్తే ఎలా. ఆడవాళ్లలో ఒక్క పేరూ వినబడదు. క్రేటీస్ భార్య హిపార్కియా ఆస్తి వదులుకుని ఆయనతో పాటు వీధుల్లో తిరిగింది, మగ్గం వదిలేసి వచ్చినది నువ్వేనా అని ఒకడు వెక్కిరిస్తే, మగ్గం మీద పెట్టాల్సిన టైం చదువు మీద పెట్టాను, తప్పు చేశానంటావా అని అడిగింది. ఆమెకి ఒక పాఠం ఇవ్వొచ్చు, ప్లేటో గుహ ఒక పది నిమిషాలు తగ్గినా ఎవరూ ఏడవరు.

యాప్ బాగానే పనిచేస్తుంది, ఆఫ్‌లైన్లో వినొచ్చు, ఎక్కడ ఆపామో గుర్తుంచుకుంటుంది. నోటిఫికేషన్ టైం మార్చుకునే వీలు లేదు, పూర్తిగా ఆపేయాలి లేదా ఆరింటికే భరించాలి. ఆరు వారాలు కాగానే అడక్కుండా రెన్యూ చేసేసి డబ్బులు కోసేశారు. సపోర్ట్‌కి మెయిల్ పెడితే పది రోజులకి జవాబొచ్చింది, డబ్బులు వెనక్కి ఇచ్చారు, కాదనను, కానీ ఆ పది రోజుల్లో నా స్టోయిక్ సాధన ఏపాటిదో ఇంట్లోవాళ్లని అడిగితే చెబుతారు.

కొనొచ్చా అంటే, గ్రీకుల గురించి ఏమీ తెలియనివాళ్లు, చదివే ఓపిక లేనివాళ్లు కొనొచ్చు. అరిస్టాటిల్ స్నేహం పాఠం, ఎపిక్యురస్ పాఠాలు ముందు వినండి, వరుసలో వినాలన్న రూలేం లేదు. స్టోయిక్కుల కోసమే అయితే ఈ డబ్బుతో ఎపిక్టీటస్ పుస్తకం "ఎంకిరిడియన్" తెచ్చుకోండి, చిన్నదే, చేతిలో పట్టేంత ఉంటుందనే దానికి గ్రీకులో ఆ పేరు. వర్క్‌బుక్ ప్రింట్ తీసుకోకండి, కాగితం దండగ.

అమ్మ ఇప్పుడు బాగుంది. మొన్న సాయంత్రం, ఎప్పుడూ చెవుల్లో అవి పెట్టుకుని ఏం వింటావు అని అడిగితే ఈ జీనో కుండ కథ చెప్పాను, ఓడ మునగడం దగ్గర్నుంచి పప్పు కారడం దాకా మొత్తం. శ్రద్ధగా విని, "అంత పప్పూ నేలపాలేనా? వండినవాళ్లకి ఎలా ఉంటుంది చెప్పు" అంది.